జేసీబీ దింపే ముందు కింద ఏ లైన్లు ఉన్నాయో తెలిసేదెలా?

ఇంటిపని_మొదలైంది (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మియాపూర్ వైపు ఒక కాలనీలో ఇల్లు కడుతున్నాం. డ్రైనేజీ కనెక్షన్ కోసం మా గేటు ముందు నుంచి వీధికి అవతల ఉన్న మ్యాన్‌హోల్ దాకా తవ్వాలి. పొడవు ఇరవై అడుగులు, లోతు నాలుగున్నర నుంచి ఐదడుగులు. బండి ఎలాగూ వస్తోంది కదా అని గేటు పక్కన ఇంకుడు గుంత కూడా తీయిద్దామనుకుంటున్నాం. రోడ్ కటింగ్ పర్మిషన్ చేతికొచ్చింది. జేసీబీని ఆదివారానికి మాట్లాడాం.

ఎదురింటి గోడ మీద గ్యాస్ కంపెనీ రేకు ఉంది, పసుపు గొట్టం నేలలోంచి పైకి వచ్చి మీటర్‌కి వెళ్తోంది. మా గోడ వైపు కరెంటు పిల్లర్ బాక్స్ ఉంది. ఇంటర్నెట్ కేబుళ్లు కూడా రెండు మూడు కంపెనీలవి కింద నుంచే పోయాయని పక్కింటి అంకుల్ అంటున్నారు. జేసీబీ అతన్ని అడిగితే "ఏం కాదు సార్, రోజూ చేసే పనే. లైన్ తగిలితే చేతికి తెలిసిపోద్ది" అన్నాడు. నాకైతే టెన్షన్‌గా ఉంది. ఎవరిని అడగాలి? ముందు ఏం చెయ్యాలి?

---

మేస్త్రీ_మాట (కరీంనగర్)

చేతికి తెలిసేది తెగాకే సార్. ముందు ఆ ఆదివారం మార్చండి. ఏదన్నా తెగితే ఆ రోజు ఫోన్ ఎత్తేవాళ్లు తక్కువ, వచ్చేవాళ్లు ఇంకా తక్కువ. మంగళవారమో బుధవారమో పొద్దున్నే పెట్టుకోండి. సాయంత్రం లోపు పూడ్చేసేలా ఉండాలి.

---

పసుపుపైపు (విజయవాడ)

సిటీ గ్యాస్ పనుల్లో సైట్ ఇంజనీర్‌ని. మీ సందు గురించి చెప్తాను, కాస్త పెద్దదే.

ఎదురింటి గోడకి గొట్టం ఎక్కిందంటే మెయిన్ లైన్ వీధిలో ఏదో ఒక పక్కన పోతోందని మాత్రమే అర్థం. ఎదురింటి పక్కనే పోతోందని కాదు. మెయిన్ మీ గోడ వైపు ఉండి, అక్కడి నుంచి సర్వీస్ లైన్ (ఒక్కో ఇంటికి వెళ్లే సన్నపైపు) రోడ్డు దాటి ఎదురింటికి వెళ్లి ఉండొచ్చు. అప్పుడు మీ డ్రైనేజీ ట్రెంచ్ ఆ సర్వీస్ లైన్‌కి సమాంతరంగా, అడుగు దూరంలోనే పోవచ్చు. రేకు మీద బాణం, దూరం, లోతు రాసి ఉంటే ఫొటో తీసుకోండి. కానీ అది లైన్ వేసిన రోజు కొలత. ఆ తర్వాత రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచి ఉండొచ్చు. లేదా ఎవరో ర్యాంపు కోసం మట్టి చెక్కేసి ఉండొచ్చు.

నిబంధన ప్రకారం గ్యాస్ లైన్ పైన కనీసం మీటరు మట్టి ఉండాలి. మామూలు ట్రెంచ్‌లో వేస్తే పైపు మీద అడుగు ఎత్తున పసుపు హెచ్చరిక షీట్ పరుస్తాం. బకెట్‌కి ఆ షీట్ ముక్క తగిలితే ఆగాలన్నమాట. అసలు చిక్కు ఇక్కడే ఉంది. సీసీ రోడ్డు పగలకొట్టకుండా ఇప్పుడు చాలా చోట్ల హెచ్‌డీడీ అనే డ్రిల్లింగ్ మెషిన్‌తో నేల కింద అడ్డంగా బోర్ చేసి పైపు లాగేస్తున్నారు. అలా లాగిన చోట షీటూ ఉండదు, ఇసుకా ఉండదు, పైన మట్టి కదిలిన గుర్తూ ఉండదు. "ఇది కొత్త మట్టి సార్, ఎప్పుడూ తవ్వలేదు" అని కూలీలు చెప్పినా నమ్మకూడదు. బోర్ లైన్ ఒక చోట మీటరులో, ఇంకొక చోట రెండు మీటర్లలో ఉంటుంది. మధ్యలో బండరాయి తగిలితే వంపు తిరుగుతుంది.

ఇంకో సంగతి. వీధి లైన్లో గ్యాస్ ఒత్తిడి 4 బార్ దాకా ఉంటుంది. ఇంట్లో సిలిండర్ రెగ్యులేటర్ పొయ్యికి పంపేదానికి ఇది వంద రెట్లు పైనే. సన్నపైపే కదా అనుకోవద్దు.

కంపెనీ ఎమర్జెన్సీ నంబర్ ఆ రేకు మీదే ఉంటుంది. తవ్వకం తేదీ చెప్పి "పెట్రోలింగ్ మనిషిని పంపండి" అని అడగండి. పంపుతారు. వాళ్లకీ లైన్ తెగడం నష్టమే. అతను సైట్ మీద ఉండగానే మెషిన్ మొదలవ్వాలి.

---

బకెట్_ఆపరేటర్ (నల్గొండ)

అందరూ ఆపరేటర్‌నే అంటారు. మా సంగతీ వినండి. బండి గంట లెక్కన వస్తుంది. ఓనర్ పక్కన నిలబడి వాచీ చూసుకుంటుంటాడు. "కింద ఏమన్నా ఉందా సార్" అంటే "ఏం లేదు తవ్వు" అంటాడు. తెగినాక మాత్రం "నువ్వు చూసుకోవాలి కదా" అంటాడు.

మాకు తెలిసేది ఎంతవరకో చెప్తా. మొరంలో బకెట్ ఒకే బరువుతో పోతుంది. సడన్‌గా మెత్తబడి ఇసుక వచ్చినా, డస్ట్ వచ్చినా, వరుసగా పేర్చిన ఇటుకలు గానీ పలకలు గానీ కనిపించినా కింద ఏదో పెట్టి పూడ్చారని అర్థం. నల్లమట్టి నేలలో ఎర్ర మొరం చార కనిపించినా అంతే. అక్కడ నేనైతే బూమ్ ఎత్తేసి కిందికి దిగుతా. ప్లాస్టిక్ పైపు మాత్రం తెలియదు. ఇరవై ఎంఎం పైపు బకెట్ పళ్లకి తగిలితే లివర్‌లో చీమ కుట్టినంత కూడా అనిపించదు. "చేతికి తెలుస్తుంది" అన్న మా వాడు పెద్ద ఇనుప లైన్లు చూసి చెప్పి ఉంటాడు.

పళ్లు లేని ప్లేన్ బకెట్ ఉందా అని అడగండి. లేకపోతే పళ్ల మీద అడ్డంగా ఇనప పట్టీ వెల్డింగ్ చేయించుకున్నవాళ్లు ఉంటారు, వాళ్లని పిలవండి. బకెట్ ముందు ఒక మనిషిని నిలబెట్టండి. మట్టిలోకే చూడాలతను. ఫోన్ చూడకూడదు. అతను చెయ్యి ఎత్తితే నేను ఆపాలి. సైగలు చేసేది ఒక్కడే ఉండాలి. నలుగురు నాలుగు వైపుల నుంచి అరిస్తే ఎవరి మాట వినాలి?

---

మేస్త్రీ_మాట

ఆపరేటర్ అన్న చెప్పింది న్యాయమే. అందుకే నేను గంట లెక్క కాకుండా పని లెక్కన మాట్లాడుకుంటా. అప్పుడు తొందర పెట్టేవాడు ఉండడు.

---

లైన్‌క్లియర్ (విశాఖపట్నం)

డిస్కంలో (కరెంటు పంపిణీ సంస్థ) పని చేస్తాను. కరెంటు సంగతి నేను చెప్తా.

మా ఊళ్లో 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను స్తంభాలన్నీ నేలకూల్చాక ప్రపంచ బ్యాంకు నిధులతో చాలా ప్రాంతాల్లో లైన్లు భూమిలోకి దించారు. గాలికి భయం తగ్గింది, పలుగుకి భయం పెరిగింది.

లోతు విషయంలో ఐఎస్ 1255 అనే ప్రమాణం ఉంది. ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) కేబుల్ 0.75 మీటర్లు, 11 కేవీ 0.9, 33 కేవీ 1.05. లెక్క ఇదీ. అయితే పిల్లర్ బాక్స్ నుంచి ఇళ్లకి వెళ్లే సర్వీస్ వైర్లు ఈ లెక్కలో ఉంటాయని ఆశ పెట్టుకోకండి. కొన్ని ఇళ్ల ముందు సీసీ రోడ్డు పలక కిందే, జానెడు లోతులో పడుకుని ఉంటాయి. అవి కాంట్రాక్టర్ వేసినవో, ఇంటి ఓనర్ ఎలక్ట్రీషియన్‌తో వేయించుకున్నవో. మా డ్రాయింగుల్లో ఉండవు. అందువల్ల మీకు మొదటి ప్రమాదం జేసీబీ కాదు, సీసీ పగలగొట్టే బ్రేకర్. సిమెంటు పలక పగిలిన వెంటనే ఆ ఉలి మొన ఆగదు, ఇంకో అరడుగు దిగిపోతుంది. పిల్లర్ బాక్స్‌కి రెండు వైపులా ఉన్న పలకని బ్రేకర్‌తో కాకుండా కట్టర్‌తో పలక మందం మేరకే కోయించి, ముక్కలు ఎత్తించండి.

కరెంటు సెక్షన్ ఆఫీసుకి వెళ్లి ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్) రాతపూర్వకంగా ఇవ్వండి. వీలైతే ఆ రెండు గంటలు ఫీడర్ మీద లైన్ క్లియర్ తీసుకుంటారు, అంటే ఆ లైన్‌కి సప్లై ఆపిస్తారు. అప్పుడు కూడా కేబుల్ చచ్చిందని అనుకుని చేత్తో పట్టుకోవద్దు. పక్క ఇంటి ఇన్వర్టరో జనరేటరో వెనక్కి కరెంటు పంపిన సందర్భాలు లైన్‌మెన్‌ని అడిగితే చెప్తారు. నేలలో కనిపించిన ప్రతి కేబుల్‌నీ కరెంటు ఉన్నదిగానే చూడాలి.

ఒకవేళ బకెట్‌కి కేబుల్ చిక్కి మంట, చప్పుడు వస్తే డ్రైవర్ కిందికి దూకకూడదు. క్యాబిన్లోనే కూర్చోవాలి. మిగతావాళ్లు పది మీటర్లు దూరం పోవాలి. నేలలో కరెంటు పాకుతుంటే ఒక కాలు ఉన్న చోటికీ ఇంకో కాలు ఉన్న చోటికీ వోల్టేజి తేడా వస్తుంది. నడిస్తే అదే ఒళ్లంతా పాకుతుంది. బండికి మంట అంటుకుని దిగక తప్పకపోతే రెండు కాళ్లూ దగ్గరపెట్టి ఒకేసారి దూకాలి. ఒక చెయ్యి బండి మీద, ఒక కాలు నేల మీద ఎప్పుడూ ఉండకూడదు. తర్వాత పాదాలు ఎడం కాకుండా చిన్నగా గెంతుకుంటూ పోవాలి. 1912కి (కరెంటు ఫిర్యాదుల నంబర్) ఫోన్ చేసి సప్లై ఆపారని ఖాయం చేసుకునే దాకా ఎవరూ దగ్గరికి రావద్దు. సర్క్యూట్ బ్రేకర్ ట్రిప్ అయి సప్లై ఆగింది కదా అని వెళ్లొద్దు. సబ్‌స్టేషన్లో ఒకసారి మళ్లీ ఛార్జ్ చేసి చూడొచ్చు.

---

స్ప్లైసింగ్_రాజు (వరంగల్)

ఫైబర్ తెగితే షాక్ కొట్టదు, పేలదు. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. దేశంలో ఏటా పది లక్షల దాకా ఫైబర్ కట్‌లు జరుగుతున్నాయనీ, అడ్డగోలు తవ్వకాల వల్ల దాదాపు 3,000 కోట్ల నష్టమనీ టెలికాం శాఖ లెక్క చెప్పింది. అందుకే 2023 మార్చి 22న "కాల్ బిఫోర్ యు డిగ్" అనే యాప్ తెచ్చారు. ప్రధాని చేతుల మీదుగా మొదలైంది. ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో సీబీయూడీ అని వెతికితే దొరుకుతుంది. తవ్వే చోటు మ్యాప్‌లో గీసి, తేదీ పెడితే ఆ చుట్టుపక్కల లైన్లున్న కంపెనీలకు మెసేజ్ పోతుంది. మీరూ వాళ్లూ నేరుగా మాట్లాడుకోవచ్చు.

2023 టెలికాం చట్టంలో నష్టపరిహారంతో పాటు 50 లక్షల దాకా జరిమానా రాశారు. ఇంటి ఓనర్లని ఎవరూ అంత దాకా లాగరనుకోండి, కానీ ఉంది.

మన తెలంగాణలో ఒక చిత్రం గమనించండి. టీ-ఫైబర్ (ప్రభుత్వ ఇంటర్నెట్ ప్రాజెక్టు) డక్టులు, అంటే ఫైబర్ పోయే గొట్టాలు, చాలా చోట్ల మిషన్ భగీరథ నీళ్ల పైపులు వేసిన ట్రెంచ్‌లోనే వేశారు. నీళ్ల లైన్ లీకేజీ అని తవ్వితే ఫైబర్ తెగుతుంది. ఆంధ్రాలో ఏపీ ఫైబర్‌నెట్ చాలావరకు కరెంటు స్తంభాల మీద పోతుంది. అక్కడ గొడవ వేరే.

---

చిన్న_సందేహం (గుంటూరు)

రంగు చూసి పోల్చుకోవచ్చు కదా? పసుపు అయితే గ్యాస్, నారింజ అయితే ఫైబర్ అని మా మేస్త్రి చెప్పాడు.

---

పసుపుపైపు

దయచేసి ఆ లెక్క పెట్టుకోవద్దు! గ్యాస్ పైపు పసుపులోనూ వస్తుంది, నారింజలోనూ వస్తుంది. ఫైబర్ డక్ట్ కూడా నారింజ రంగులో చాలా ఉంటుంది. రెండూ నున్నటి ప్లాస్టిక్ గొట్టాలే, బురదలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. పైపు మీద అచ్చు వేసిన అక్షరాలు తుడిచి చదవండి. చదవలేకపోతే గ్యాసే అనుకోండి. "ఖాళీ డక్టేలే" అని హ్యాక్సా బ్లేడ్ పెట్టే కూలీలు ఉన్నారు.

---

ఇంటిపని_మొదలైంది

అందరికీ చాలా థాంక్స్. ఆదివారం క్యాన్సిల్ చేశాను. యాప్‌లో వివరాలు పెట్టాను, ఒక ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. గ్యాస్ వాళ్లకి విడిగా చెప్పాను, మనిషిని పంపుతామన్నారు. ఏఈ గారికి లెటర్ ఇచ్చాను. నీళ్లకి 155313కి చేశాను, లైన్‌మ్యాన్ నంబర్ ఇచ్చారు.

ఇప్పుడు ఒక స్నేహితుడు "స్కానింగ్ చేయించు, కింద ఉన్నదంతా బొమ్మలా కనిపిస్తుంది, అప్పుడు ఎవరితోనూ పనిలేదు" అంటున్నాడు. నిజమేనా?

---

భూమిలోపల (హైదరాబాద్)

సర్వే పని నాది. స్కానింగ్ అమ్ముకునేవాడిని నేనే చెప్తున్నా, సగమే నిజం.

రెండు రకాల పరికరాలు ఉంటాయి. ఒకటి లొకేటర్. ఇనుము, రాగి, అల్యూమినియం లాంటి లోహపు లైన్లనే పట్టుకుంటుంది. అందులో కూడా ట్రాన్స్‌మిటర్ తగిలించకుండా ఉత్తినే నడుచుకుంటూ పోతే, కరెంటు పారుతున్న కేబుల్ మాత్రమే కూస్తుంది. లోడ్ లేని కేబుల్ నిశ్శబ్దంగా ఉంటుంది. కూత రాలేదంటే కేబుల్ లేదని కాదు. పక్కపక్కనే రెండు మూడు కేబుళ్లుంటే సిగ్నల్ ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతుంది కూడా. ప్లాస్టిక్ గ్యాస్ పైపు, ఫైబర్ డక్ట్ దీనికి కనిపించవు. వాటితో పాటు రాగి తీగ వేసి ఉంటే తప్ప.

రెండోది జీపీఆర్, రాడార్. ప్లాస్టిక్‌ని కూడా చూపించగలదు. కానీ నల్లరేగడిలో, తడి బంకమట్టిలో సిగ్నల్‌ని మట్టే మింగేస్తుంది. గుంటూరు, కర్నూలు నల్లనేలల్లో వానాకాలం జీపీఆర్ తిప్పితే తెర మీద పొగమంచు. మియాపూర్ వైపు ఎర్రమట్టి, మొరం కాబట్టి కాస్త నయం. అయినా ఇరవై ఎంఎం సర్వీస్ లైన్ చూపిస్తుందని నేను గ్యారంటీ ఇవ్వను. రీయిన్‌ఫోర్స్‌మెంట్ ఉన్న సీసీ రోడ్డు మీద ఇంకా కష్టం.

ఇరవై అడుగుల పనికి స్కానింగ్ డబ్బులు దండగ. అదే డబ్బుతో ఇద్దరు కూలీలను పెట్టి ట్రయల్ పిట్‌లు (లైన్ చూసుకోడానికి చేత్తో తీసే చిన్న గుంతలు) తీయించండి. కంటితో చూసిన పైపు ఒక్కటే ఖాయం. మిగతాదంతా అంచనా.

---

మేస్త్రీ_మాట

ట్రయల్ పిట్ ఎలాగో చెప్తా, చాలామంది తప్పుగా తీస్తారు.

లైన్ ఎటు పోతోందని అనుమానమో దానికి అడ్డంగా తీయాలి, వెంబడి కాదు. వెంబడి తీస్తే అరడుగు పక్కన తవ్వుతూ "ఏం లేదు" అని వెళ్లిపోతారు. సార్ పనికి గేటు దగ్గర ఒకటి, మ్యాన్‌హోల్ దగ్గర ఒకటి, గ్యాస్ అనుమానం ఉన్న చోట ఒకటి. వెడల్పు రెండడుగులు, లోతు మీ డ్రైనేజీ పైపు అట్టడుగు కంటే ఇంకో అరడుగు ఎక్కువ. ఇక్కడే అందరూ మోసపోతారు. మూడడుగుల్లో ఏమీ కనిపించలేదని ఆపేస్తారు, ట్రెంచ్ ఐదడుగులు, నాలుగో అడుగులో బోర్ లైన్ ఉంటుంది.

గడ్డపారతో నిలువుగా పొడవద్దు. కేబుల్‌కి ఎక్కువగా చిల్లు పెట్టేది మొన ఉన్న పనిముట్టే. గట్టి మొరం అయితే ముందు రోజు సాయంత్రం నీళ్లు పోసి నానబెట్టండి. పొద్దున్నకి పారకి లొంగుతుంది. పారని పడుకోబెట్టి పొర పొరగా గీకాలి. లైన్ పక్క నుంచి లోపలికి వెళ్లి, వైపు నుంచి మట్టి లాగాలి. పై నుంచి దిగకూడదు. కేబుల్ బయటపడితే దాని మీద కాలు పెట్టి నిలబడే అలవాటు మానిపించండి.

---

టెక్సాస్_తెలుగు (డాలస్)

ఇక్కడ సంగతి రాస్తాను, పనికొస్తే తీసుకోండి. అమెరికాలో 2007 నుంచి దేశమంతా ఒకటే నంబర్, 811. పెరట్లో కంచె స్తంభం పాతాలన్నా ముందు చెప్పాలి. పైసా తీసుకోరు. రెండు మూడు రోజుల్లో వచ్చి గడ్డి మీద రంగులు కొట్టి పోతారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నారింజ టెలికాం, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు. మనం తవ్వబోయే చోటు మనమే తెల్లరంగుతో గీయాలి. ఆ రంగు గీతకి రెండు వైపులా మా రాష్ట్రంలో 18 అంగుళాలు, కొన్ని రాష్ట్రాల్లో 24 అంగుళాల మేర మెషిన్ పెట్టకుండా చేత్తోనో, అంత జాగ్రత్తగానో తవ్వాలి.

ఇంత ఉన్నా లోతు చెప్పరు. మీటర్ దాటాక మన ఇంటి వైపు ఉన్న లైన్లు, స్ప్రింక్లర్ పైపులు, పెరట్లో గ్రిల్‌కి వేయించుకున్న గ్యాస్ లైన్, వాళ్లు గుర్తు పెట్టరు. అవి ఓనర్ బాధ్యత. మా వీధిలో ఎక్కువగా తెగేవి అవే.

---

ఎండలో_నిలబడి (అనంతపురం)

అమెరికా కబుర్లు బాగానే ఉంటాయి బ్రదర్. ఇక్కడ ఏఈ ఆఫీసులో లెటర్ తీసుకునే నాథుడు లేడు. నాలుగు ఆఫీసులు తిరిగేలోపు ఇల్లు గృహప్రవేశం అయిపోతుంది. తెగితే అతికిస్తారు, అంతే.

---

లైన్‌క్లియర్

@ఎండలో_నిలబడి గారూ, మీ విసుగు నాకర్థమైంది, ఆ ఆఫీసులోనే కూర్చుంటాను కాబట్టి. కానీ టెక్సాస్ ఆయన చెప్పిన తెల్ల గీతకి ఏ ఆఫీసుతోనూ పనిలేదు. గుప్పెడు సున్నంతో ట్రెంచ్ గీసి పెడితే, గ్యాస్ మనిషి, నీళ్ల లైన్‌మ్యాన్ వచ్చి ఆ గీత మీద నిలబడి "ఇక్కడ దాటుతుంది" అని కాలితో చూపిస్తారు. గీత లేకపోతే "అటు వైపు ఎక్కడో" అని చెయ్యి ఊపి పోతారు. "అతికిస్తారు" అన్నది కూడా నీళ్ల లైన్‌కి సరిపోతుందేమో. తెగిన వైరు దగ్గర ఉన్న మనిషిని అతికించలేం.

---

కోనసీమ_చెరువు (అమలాపురం)

మాది పొలం సమస్య. మా చేను మధ్యలోంచి పెద్ద గ్యాస్ పైప్‌లైన్ పోతోంది, గట్టు మీద రాళ్లు పాతారు. పక్కవాళ్లంతా చేపల చెరువులు తవ్వుతున్నారు. మేమూ తవ్వించుకోవచ్చా? నేల మాదే, పట్టా మాదే. ఇక్కడ 2014లో నగరం అనే ఊళ్లో జరిగిన గ్యాస్ పేలుడు కూడా ఎవరో తవ్వడం వల్లేనంటారు.

---

పసుపుపైపు

అన్నా, ముందు నగరం సంగతి. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ వాళ్ల 18 అంగుళాల లైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. అది తవ్వకం వల్ల కాదు. లైన్ లోపల తుప్పు తిని లీకైంది. లీకైన గ్యాస్ ఊరి మీద పరుచుకుని, నిప్పు తగలగానే అంటుకుంది. కారణం వేరు, కానీ లీకైన గ్యాస్ ఎంత దూరం పాకుతుందో తెలియాలంటే ఆ ఊరు గుర్తుంటే చాలు.

మీ చెరువు విషయం. 1962 నాటి పెట్రోలియం, మినరల్ పైప్‌లైన్ల చట్టం కింద పైపు వెంబడి ఉన్న ఆ స్ట్రిప్ (నేల పట్టీ) మీద కంపెనీకి వాడుకునే హక్కు వస్తుంది, నేల యాజమాన్యం మాత్రం మీకే ఉంటుంది. ఆ హక్కుకి పరిహారంగా భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇచ్చి ఉంటారు, పంట నష్టం అదనం. వరి, మినుము ఎప్పటిలాగే వేసుకోవచ్చు. ఆ స్ట్రిప్‌లో ఇల్లు కట్టడం, బావి, చెరువు తవ్వడం, చెట్లు నాటడం చట్టమే కుదరదంది. కొబ్బరి మొక్క కూడా చెట్టే. స్ట్రిప్‌కి బయట చెరువు తవ్వుకుంటే మీ ఇష్టం. కానీ గట్టు వాలు, నీళ్ల ఊట పైపు వైపు మట్టిని లాగేయకూడదు. పొక్లెయిన్ పైపు మీదుగా అటూ ఇటూ తిరగకూడదు. రాయి మీద నంబర్ ఉంటుంది, ఫోన్ చేస్తే వచ్చి అంచు గుర్తు పెడతారు. రెండు రాళ్ల మధ్య తాడు కట్టి అదే లైన్ అనుకోకండి, మధ్యలో పైపు వంపు తిరిగి ఉండొచ్చు.

ఇదే సందర్భంలో అందరికీ ఒక విషయం చెప్పాలి. 2004 జూలై 30న బెల్జియంలో గిలెంఘియన్ అనే చోట పెద్ద గ్యాస్ లైన్ పేలి 24 మంది చనిపోయారు. అంతకుముందు అక్కడ నిర్మాణ పనుల్లో ఏదో మెషిన్ పైపుని గీకింది. ఆ రోజు ఏమీ కాలేదు. తర్వాత లైన్లో ఒత్తిడి పెంచినప్పుడు ఆ గీత దగ్గరే చీలింది. అమెరికాలో 1999లో బెల్లింగ్‌హామ్ దగ్గర పెట్రోల్ లైన్ పగిలి ముగ్గురు పోయారు. అక్కడా అంతకు ఏళ్ల ముందు నీళ్ల లైన్ పనిలో పడ్డ దెబ్బలు బయటపడ్డాయి.

మన సందుల్లో జరిగేది ఇదే. బకెట్ గొట్టాన్ని గీకుతుంది, తెగదు. మేస్త్రి చుట్టూ చూసి, మట్టి తోసేస్తాడు. తెగిన పైపు కంటే నాకు ఈ గీకిన పైపు అంటేనే భయం. తెగితే వాసన వస్తుంది, జనం అరుస్తారు, మేం వస్తాం. గీకితే ఎవరికీ తెలియదు. ఫోన్ చేసి చెప్పండి. తిట్టినా తిట్టనివ్వండి.

---

లైన్‌క్లియర్

కేబుల్‌కీ అంతే. పై తొడుగు చీలితే అదే రోజు ఏమీ కాదు. నీళ్లు లోపలికి దిగి, రెండు మూడు వానలయ్యాక ఒక రాత్రి ఢాం అంటుంది. అప్పుడు ఫాల్ట్ ఎక్కడుందో వెతకడానికి మాకు తల ప్రాణం తోకకొస్తుంది.

---

చిన్న_సందేహం

గ్యాస్ పైపు తెగితే ఆ నిమిషంలో ఏం చెయ్యాలి? గుడ్డ కుక్కి ఆపొచ్చా?

---

పసుపుపైపు

వద్దు. గుడ్డ, మట్టి, పైపు మడిచి కట్టడం ఏదీ వద్దు. గ్యాస్ వేగంగా వస్తుంటే ప్లాస్టిక్ పైపు మీద స్టాటిక్ కరెంటు చేరుతుంది, చెయ్యి పెడితే నిప్పురవ్వ రావచ్చు. బండి ఎక్కడుందో అక్కడే వదిలి గాలికి ఎదురు దిశలో దూరం పోవాలి. మళ్లీ స్టార్ట్ చేసి పక్కకి తీసే ప్రయత్నం చెయ్యొద్దు. ఫోన్ దూరం వెళ్లాకే. కంపెనీ నంబర్, ఆ తర్వాత 101 (ఫైర్). చుట్టుపక్కల ఇళ్లవాళ్లని బయటికి పిలవండి. కాలింగ్ బెల్ నొక్కకుండా తలుపు కొట్టండి. స్విచ్‌లు వెయ్యడం, ఆపడం రెండూ వద్దు.

అప్పటికే అంటుకుని మండుతుంటే ఆర్పొద్దు. మంట ఆరి గ్యాస్ ఆగకపోతే అది డ్రైనేజీలోంచో డక్టులోంచో పక్కింటి వంటగదికి చేరుతుంది. వాల్వ్ మూసే పని మాది.

మరొకటి, ఇది మా వాళ్లు కూడా మర్చిపోతుంటారు. బకెట్ సర్వీస్ లైన్‌ని పట్టి లాగితే తెగింది వీధిలో ఒక్కచోటే అనుకోవద్దు. అటు చివర ఇంటి గోడ దగ్గర జాయింట్ కూడా ఊడి ఉండొచ్చు. వీధిలో రిపేర్ చేసి వెళ్లిపోతే గోడ పక్కన లీకవుతూనే ఉంటుంది. ఏ ఇంటి లైన్ లాగారో ఆ ఇంటి దగ్గర కూడా చెక్ చేయమని అడగండి. మట్టిలోంచి వచ్చే గ్యాస్‌కి వాసన తగ్గిపోతుంది కూడా, ముక్కుని నమ్మి కూర్చోవద్దు.

---

ఇంటిపని_మొదలైంది

పిట్‌లు తీయించాం. సున్నం గీత గీశాక గ్యాస్ మనిషి వచ్చి చూపించిన చోటుకీ పైపు దొరికిన చోటుకీ రెండడుగుల తేడా. లోతు రెండున్నర అడుగులే, మీటరు లేదు. పసుపుపైపు గారు అన్నట్టే మా గోడ వైపు నుంచి రోడ్డు దాటుతోంది. దాని కింద ఇంకో నల్ల గొట్టం బయటపడింది. గ్యాస్ మనిషి మాది కాదన్నాడు, నీళ్ల లైన్‌మ్యాన్ మాది కాదన్నాడు, యాప్‌లో ఫోన్ చేసిన కంపెనీ కూడా కాదంది. పిల్లర్ బాక్స్ దగ్గర పలక కిందే రెండు సర్వీస్ వైర్లు, ఇటుక కూడా లేదు.

ఇంకుడు గుంత చోటు మార్చేశాం, కాంపౌండ్ లోపలికి. ట్రెంచ్‌లో గ్యాస్ దాటే చోట అటు మూడడుగులు, ఇటు మూడడుగులు చేత్తోనే తవ్విస్తున్నాం. మిగతాది జేసీబీ. ఆ నల్ల గొట్టాన్ని ఏం చెయ్యమంటారు?

---

స్ప్లైసింగ్_రాజు

ఎవరూ నాది కాదన్న గొట్టం ఎక్కువగా ఎవరిదో ఫైబరే. పాతది, కంపెనీ చేతులు మారి ఉంటుంది. ఖాళీదే అనుకుని కొయ్యొద్దు. కింద చెక్క పెట్టి తాడుతో పైకి కట్టి, దాని కింద నుంచి మీ డ్రైనేజీ పైపు పంపించండి. ఫైబర్ అయితే గట్టిగా వంచొద్దు, వంచితే తెగకుండానే సిగ్నల్ పోతుంది.

---

మేస్త్రీ_మాట

సార్, ట్రెంచ్ ఐదడుగులు అన్నారు. మీటరున్నర దాటితే పక్కలకి పలకలు, అడ్డుకట్టలు పెట్టాలి, ఐఎస్ 3764లో ఉంది. మీది సరిగ్గా అంచు మీద ఉంది. పాత ట్రెంచ్‌లు పక్కనే ఉన్నాయి కాబట్టి మట్టి వదులు, పెట్టించేయండి. తీసిన మట్టి అంచు మీద కుప్ప పోయొద్దు, మీటరున్నర దూరం. లైన్ల కోసం ఇంత చేసి, కూలీ మీద మట్టి పడితే ఏం లాభం? రాత్రికి తెరిచి ఉంచాల్సి వస్తే బారికేడ్, ఎర్ర లైటు.

---

పసుపుపైపు

రెండున్నర అడుగులే అని కంపెనీకి మెయిల్ పెట్టండి. ముందు ముందు "మా లైన్ మీటరులో ఉంది" అని ఎవరూ అనకుండా టేపు పట్టి ఫొటో జత చెయ్యండి. డ్రైనేజీ పైపుకీ గ్యాస్ పైపుకీ మధ్య కనీసం అడుగు ఖాళీ చూసుకోండి. పూడ్చేటప్పుడు గ్యాస్ పైపు చుట్టూ రాయి, సిమెంటు ముక్క లేకుండా ఇసుక. కింద గుల్లగా వదిలేస్తే పైపు వేలాడి, బండి ఎక్కినప్పుడు కుంగుతుంది. కాబట్టి దాని కింద మట్టి కూరి దిమ్మిస వేయించండి. అది కాలితో, చేతి దిమ్మిసతోనే. మెషిన్ ర్యామర్ పైపు మీద అడుగు ఎత్తు వచ్చాకే. చినిగిన హెచ్చరిక షీట్ బదులు కొత్త ముక్క మా మనిషినే అడగండి, ఇస్తాడు. అతను చూడకుండా మూయొద్దు.

---

భూమిలోపల

మూసే ముందు ప్రతి లైన్‌కీ గేటు స్తంభం మూల నుంచి ఒకటి, ఎదురింటి గోడ మూల నుంచి ఒకటి, రెండు కొలతలు రాసుకోండి. రోడ్డు అంచు నుంచి కొలవద్దు, రోడ్డు అంచు మారుతుంది. లోతు కూడా గేటు స్తంభం మీద గీత పెట్టి అక్కడి నుంచి కిందికి కొలవండి. పేపర్ మీ ఇంటి ప్లాన్‌తో పాటు దాచండి. కాలనీ అసోసియేషన్‌కి ఒక కాపీ.

---

బకెట్_ఆపరేటర్

ఆ ఫొటోలు, కొలతలు కాలనీ గ్రూపులో కూడా పెట్టండి సార్. మీ తర్వాత ఆ సందులోకి వచ్చే ఆపరేటర్‌కి ఎవరో ఒకరు చూపిస్తారు. మీ జేసీబీ అతనికి నా నంబర్ ఇవ్వండి, పళ్ల మీద పట్టీ ఎలా వెల్డింగ్ చేయించాలో చెప్తా.